ఫ్లూట్ సాధనలో పెద్ద వాటా దేనికి: ధ్వనికా, వేళ్లకా, పాటకా, చెవికా?

రోజుకు ముప్పావుగంటో గంటో ఫ్లూట్ సాధనకు దొరుకుతుందనుకుందాం. ఆ కాసేపట్లో ఏం చేయాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ముందు నిలకడ స్వరాలు (ఒక్కో స్వరాన్నే చాలాసేపు నిలపడం) ఊదమని ఒకరు, స్కేళ్లు (స్వరాలను వరుసగా ఎక్కి దిగడం) తిప్పమని ఇంకొకరు, పాటలు వాయిస్తుంటే అన్నీ అవే వస్తాయని మరొకరు. రికార్డ్ చేసుకుని వింటే చాలనేవాళ్లూ ఉన్నారు. నాలుగూ మంచి సలహాలే. కానీ నాలుగింటికీ తలా పది నిమిషాలు పంచి పెడితే నెలలు గడిచినా ఏదీ పట్టుబడదు. ఒక్కో దశలో ఒక్కోదానికి పెద్ద వాటా ఇవ్వాలి, మిగతావి దాని వెనక నడవాలి. ఆ పెద్ద వాటా ఇప్పుడు మీ విషయంలో దేనికి దక్కాలో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ఇక్కడ ప్రధానంగా కీలు (రంధ్రాలను మూసే మీటలు) ఉన్న లోహపు ఫ్లూట్ గురించే చెబుతున్నాను. వేళ్ల అమరిక సంగతులు పక్కన పెడితే, వెదురు వేణువు వాయించేవాళ్లకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. రెండింటిలోనూ ధ్వని పుట్టే తీరు ఒకటే: పెదవుల మధ్య నుంచి వచ్చే సన్నటి గాలి పాయ ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి కొట్టుకుంటుంది, దాంతో గొట్టంలోని గాలి మోగుతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, తప్పు ఎక్కడ పుడుతోంది అన్నది. అది వినిపించే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి కావచ్చు. వేగంగా సాగే వరుసలో రెండు స్వరాలు ఎగిరిపోయాయంటే వేళ్లు సరిగ్గా పడలేదనే అనుకుంటాం, వెంటనే వేళ్ల మీద పడతాం. తీరా చూస్తే చాలాసార్లు వేళ్లు బాగానే ఉంటాయి. ఆ రెండు స్వరాల దగ్గర గాలి తగ్గిపోయి ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఒకటి రెండు వరుసలు తీసుకుని మూడు విధాలుగా చేసి చూడండి.

ఒకటి, ఊదకుండా వేళ్లు మాత్రమే ఆడించండి, అసలు వేగంలోనే. గది నిశ్శబ్దంగా ఉంటే కీలు మూసుకునే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఒక్కో స్వరానికి ఒక్కటే "టక్" వస్తోందా, లేక "ట-టక్" అని చీలుతోందా? చీలిందంటే కలిసి పడాల్సిన వేళ్లు ముందూ వెనకా పడుతున్నాయి.

రెండు, వేళ్లు ఒకే స్వరం మీద ఉంచి, ఆ వరుస లయను మాత్రం నాలుకతో, గాలితో వాయించండి. ఇక్కడే తడబడితే చిక్కు గాలిలోనో నాలుకలోనో ఉంది.

మూడు, ఫ్లూట్ కింద పెట్టి ఆ వరుసను నోటితో పాడండి. గొంతు బాగుందా లేదా అన్నది వదిలేయండి. తర్వాతి స్వరం ఏదో తడుముకోకుండా వస్తోందా అన్నదే చూడాలి. రాకపోతే పాట ఇంకా చెవిలోకి ఎక్కలేదని అర్థం.

మూడూ విడివిడిగా బాగున్నాయి, కలిపితేనే చెడుతోంది అంటే అది కూడిక సమస్య. దానికి మందు పాటనే నిదానంగా వాయించడంలో ఉంది.

ఈ పరీక్ష తర్వాత చూడవలసినవి ఇంకో నాలుగున్నాయి. ఫలితం ఎన్నాళ్లకు వినిపిస్తుంది? పక్కన వినేవాళ్లు లేకుండా ఒంటరిగా చేయవచ్చా? పెదవులు, మణికట్టు, భుజం ఎంత అలుస్తాయి? రేపు కూడా మీరు దాన్ని చేస్తారా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎంత గొప్ప పద్ధతైనా మూడో రోజుకే వదిలేస్తే దాని వల్ల ఒరిగేదేమీ ఉండదు.

## ధ్వనికి పెద్ద వాటా: నిలకడ స్వరాలు

ఫ్లూట్‌కు రీడ్ (గాలికి అదిరే పలుచని పలక) లేదు, గాలిని నిలిపే మౌత్‌పీస్ లేదు. గాలి పాయను మలిచేవి మీ పెదవులే. కాబట్టి ధ్వని పీలగా ఉన్నా, గాలి రొద ఎక్కువగా ఉన్నా, పై స్థాయిలో కీచుమన్నా, కొత్త ఫ్లూట్ కొంటే పోయేది తక్కువ. పెదవులు, గాలి దారికి వస్తే పోయేది ఎక్కువ.

పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో పలికే బి (B) స్వరం నుంచి మొదలుపెట్టి, మెట్రోనోమ్ (లయ దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 60లో పెట్టుకుని ఎనిమిది దెబ్బల పాటు నిలపాలి. తర్వాత అరస్వరం కిందికి. అలా కింది సి దాకా దిగడం, మళ్లీ బి నుంచి పైకి ఎక్కడం. చేసేది సులువే, వినడమే కష్టం. స్వరం మొదలయ్యేటప్పుడు "హూ" అని గాలి ముందు వచ్చి ధ్వని తర్వాత వస్తోందా? మధ్యలో వణుకుతోందా? చివర గాలి తగ్గుతుంటే శ్రుతి కిందికి జారుతోందా? ఫ్లూట్ స్వభావమే అంత: మెల్లగా ఊదితే శ్రుతి దిగుతుంది, గట్టిగా ఊదితే ఎక్కుతుంది. మెల్లగా ఊదుతూ కూడా శ్రుతి నిలవాలంటే పెదవుల మధ్య సందు చిన్నదై, గాలి వేగం తగ్గకుండా, కోణం కాస్త పైకి లేవాలి. ఇది చదివితే వచ్చేది కాదు. నిలకడ స్వరాల మీద రోజూ చేస్తేనే పెదవులకు తెలుస్తుంది.

దగ్గరగా చూసుకోవలసిన సంగతి ఒకటుంది. చల్లటి ఫ్లూట్ తీసుకుని అద్దం ముందు నిలబడి ఒక స్వరం ఊదండి. లిప్ ప్లేట్ (పెదవి ఆనించే పలక) మీద, రంధ్రానికి అవతలి వైపు, ఆవిరి మచ్చ ఒకటి పడుతుంది. అది రంధ్రానికి ఎదురుగా చిన్న త్రికోణంలా ఉంటే గాలి సూటిగా వెళుతోంది. వెడల్పుగా పరుచుకుని ఉంటే పెదవుల సందు పెద్దదై సగం గాలి వృథా అవుతోంది. ఒక పక్కకు పోయి ఉంటే గాలి వంకరగా వెళుతోందన్నమాట. పై పెదవి మధ్యలో బొట్టులాంటి మొన ఉన్నవాళ్లకు సందు సహజంగానే పక్కకు వస్తుంది. వాళ్లు దాన్ని బలవంతంగా మధ్యకు లాగనక్కర్లేదు, ఫ్లూట్‌నే ఆ పక్కకు జరుపుకుంటే సరిపోతుంది. కింది పెదవి రంధ్రంలో ఎంత భాగాన్ని కప్పుతోందో కూడా చూడండి: పావు వంతు నుంచి మూడో వంతు వరకు మామూలు. అంతకు మించితే ధ్వని బిగుసుకుపోయి శ్రుతి దిగుతుంది.

నిలకడ స్వరాలతో పాటు నేను గట్టిగా చెప్పే అభ్యాసం ఇంకొకటి: కింది సికి వేళ్లన్నీ మూసి, వాటిని కదపకుండా పెదవులతో, గాలి వేగంతో మాత్రమే పై స్వరాలు తీయడం. వరుసగా పై సి, జి, ఆ పై సి, ఈ (E) స్వరాలు పలుకుతాయి. గట్టిగా ఊదినా అవి వస్తాయి, కానీ గరుకుగా వస్తాయి. సందు చిన్నది చేసి, పెదవులు కాస్త ముందుకు తెచ్చి, అంచుకు దూరం తగ్గిస్తే మెత్తగా వస్తాయి. ఈ తేడా ఒక్కసారి పట్టుబడితే పై స్థాయి అంటే టెన్షన్ పోతుంది.

ఇక నష్టాలు. ఫలితం వారాల మీద వస్తుంది, రోజుల మీద కాదు. పెదవులు త్వరగా అలుస్తాయి, పదిహేను ఇరవై నిమిషాలు దాటితే ధ్వని మెరుగుపడడం మాని చెడడం మొదలవుతుంది. కొత్తవాళ్లకు ఊపిరి ఎక్కువగా వదిలేయడం వల్ల తల తిరుగుతుంది; అలాంటప్పుడు కూర్చుని మామూలుగా గాలి పీల్చుకోవాలి. వినకుండా యాంత్రికంగా ఊదితే మాత్రం తప్పు పెదవి అమరికే రోజురోజుకూ గట్టిపడుతుంది. అందుకే ఈ దారి ఎంచుకున్నవాళ్లు నెలకొకసారైనా తెలిసినవాళ్లకు వినిపించాలి.

## వేళ్లకు పెద్ద వాటా: స్కేళ్లు, మెట్రోనోమ్

మధ్య స్థాయిలో సి నుంచి డికి వెళ్లడం గమనించండి. కాగితం మీద పక్కపక్క స్వరాలే. సికి ఎడమ చూపుడువేలు, కుడి చిటికెనవేలు మాత్రమే కింద ఉంటాయి. డికి ఆ రెండూ లేవాలి. అదే క్షణంలో ఎడమ బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, కుడిచేతి మూడు వేళ్లు పడాలి. ఎనిమిది వేళ్లు ఒక్కసారే మారాలి. ఇది కుదరకే చాలామంది డిలో ఎడమ చూపుడువేలు లేపకుండా వదిలేస్తారు. స్వరం పలుకుతుంది, కానీ మూసుకుపోయినట్టు వస్తుంది. ధ్వని బాగోలేదని వాళ్లు పెదవులను తిట్టుకుంటారు, అసలు దోషం ఆ ఒక్క వేలిది. తప్పు పుట్టే చోటు వేరని పైన అన్నది ఇటువైపు నుంచి కూడా నిజమే.

ఈనాటి ఫ్లూట్ అమరిక థియోబాల్డ్ బోమ్ 1847లో రూపొందించినదానికి కొద్ది మార్పులతో కొనసాగింపే. రంధ్రాలను ఆయన వేళ్లకు అందే చోట కాకుండా శ్రుతికి సరిపోయే చోట పెట్టి, కీలతో వేళ్లను అక్కడికి చేర్చాడు. శ్రుతి బాగుపడింది, దానికి తగ్గట్టు చేతులకు పని పెరిగింది. అందుకే స్కేళ్ల సాధన తప్పించుకోలేం.

చేసే తీరులోనే తేడా ఉంటుంది. ఎక్కువమంది 60తో మొదలుపెట్టి రోజుకు నాలుగు దెబ్బలు పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒక చోట ఆగిపోతారు, అక్కడే వారాలు గడిపేస్తారు. దానికంటే లయ మార్చి వాయించడం మేలు: సమానమైన స్వరాలను ఒకసారి పొడుగు-పొట్టిగా, ఇంకోసారి పొట్టి-పొడుగ్గా. పొట్టి స్వరం దగ్గర వేళ్లు పూర్తి వేగంతో కదులుతాయి, పొడుగు స్వరం దగ్గర సేదదీరి తర్వాతి కదలికకు సిద్ధమవుతాయి. ఆ తర్వాత మామూలుగా వాయిస్తే సాఫీగా జారిపోతుంది. అన్ని స్కేళ్లూ రోజూ తిప్పాలన్న నియమం కూడా అక్కర్లేదు. రోజుకు రెండు, అందులో ఒకటి మీకు ఇష్టం లేనిది.

లాభం ఏమిటంటే ప్రగతి అంకెల్లో కనిపిస్తుంది, కాబట్టి మనసు నిలుస్తుంది. ఊదకుండా వేళ్లతో మాత్రమే కూడా కొంత చేయవచ్చు, కాబట్టి పక్కింటివాళ్లు నిద్రపోయే వేళలోనూ కుదురుతుంది. ప్రమాదం బిగింపులో ఉంది. వేగం కోసం తాపత్రయపడితే వేళ్లు కీలను బాదుతాయి, ఫ్లూట్ గడ్డం కింద జారుతుంది, దాన్ని ఆపడానికి కుడి బొటనవేలు, ఎడమ మణికట్టు బిగుసుకుంటాయి. ఫ్లూట్ బరువు మూడు చోట్ల ఆగాలి: గడ్డం, ఎడమ చూపుడువేలి మొదలు, కుడి బొటనవేలు. ఆ మూడూ నిలకడగా ఉంటేనే మిగతా వేళ్లు తేలిగ్గా ఆడతాయి. నొప్పి వస్తే వేగం తగ్గించడం కాదు, ఆ రోజుకు ఆపేయాలి.

## పాటకు పెద్ద వాటా

ఉత్సాహం ఎక్కువగా ఉండేది ఇక్కడే. సంగీతం మీద ఇష్టంతో ఫ్లూట్ పట్టుకున్నవాళ్లను నెలల తరబడి స్కేళ్లలో ఉంచితే ఆ ఇష్టమే ఎండిపోతుంది. పాటలో గుక్క ఎక్కడ తిప్పుకోవాలి, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్నవి వేరే ఎక్కడా నేర్చుకోలేం కూడా.

అయితే పాటలో లేనిది పాట నేర్పదు. పై స్థాయి ఈ (E) స్వరం అక్కరపడని పాటలే ఏడాది పాటు వాయిస్తే, చీలిపోయే ఆ మొండి స్వరం ఏడాది తర్వాతా అలాగే చీలుతుంది. ఇంకో చిక్కు అలవాటుది: ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టడం, తప్పు వచ్చిన చోట ఆగి మళ్లీ మొదటికి వెళ్లడం. ఇలా చేస్తే మొదటి పేజీ అద్భుతంగా వస్తుంది, చివరి పేజీ ఎప్పుడూ చూసి చదువుకున్నట్టే ఉంటుంది. చివరి వాక్యంతో మొదలుపెట్టి వెనక్కి నడవండి. అప్పుడు వాయించే కొద్దీ బాగా తెలిసిన చోటికే చేరుతుంటారు.

ఒకే కష్టమైన చోటును ఇరవైసార్లు వరుసగా వాయించడమా, మూడు చోట్లను కలగలిపి మార్చి మార్చి వాయించడమా అన్న ప్రశ్నకు శరీర నైపుణ్యాల పరిశోధనలో చాలా కాలంగా జవాబు ఉంది. 1979లో షే, మోర్గాన్ చేసిన ప్రయోగంలో చెక్క అడ్డాలను నిర్ణీత క్రమాల్లో పడగొట్టే పని ఇచ్చారు. ఒక్కో క్రమాన్నే వరుసగా సాధన చేసినవాళ్లు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు, కానీ తర్వాత పరీక్షించినప్పుడు కలగలిపి చేసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. ఇరవయ్యోసారి బాగా వచ్చిందని పొంగిపోయిన వరుస మర్నాడు మళ్లీ పాత స్థితికి రావడం ఫ్లూట్ వాయించేవాళ్లకు అనుభవమే. కలిపి చేస్తే ఆ రోజు గజిబిజిగా అనిపిస్తుంది, దాన్ని ఓర్చుకోవాలి.

## చెవికి పెద్ద వాటా: రికార్డింగ్, శ్రుతి

దీనికి మొత్తం సమయం ఇవ్వమని ఎవరికీ చెప్పను. కానీ గురువు లేకుండా నేర్చుకునేవాళ్లు మూడో వంతు ఇవ్వాలి.

ఫోన్‌ను నోటి ముందు పెట్టకండి. అక్కడ గాలి రొద అంతా పడుతుంది, లేని దోషానికి బెంగపడతారు. గదికి అవతలి మూల పెట్టండి, వినేవాళ్లకు అందే ధ్వని అదే. చాలా ఫోన్లు మెల్లటి ధ్వనిని పెంచి, పెద్దదాన్ని తగ్గించి సమం చేసేస్తాయి, కాబట్టి గట్టి-మెత్తన తేడాను రికార్డింగ్ బట్టి అంచనా వేయవద్దు. శ్రుతి, లయ, స్వరాల మొదళ్లు మాత్రం నిక్కచ్చిగా తెలుస్తాయి.

ట్యూనర్‌కీ నిలకడ శ్రుతికీ మధ్య ఎంచుకోవలసి వస్తే నా ఓటు నిలకడ శ్రుతికే. ట్యూనర్‌లో ముల్లును చూసి సరిచేస్తాం, పని కన్ను చేస్తుంది. వెనక ఒక శ్రుతి మోగుతుంటే, తప్పినప్పుడు పుట్టే ఆ అదురును చెవి పట్టుకుంటుంది. కచేరీలో ముల్లు ఉండదు కదా. ట్యూనర్ ఉపయోగపడేది మీ ఫ్లూట్ ఏ స్వరం దగ్గర ఎటు మొగ్గుతుందో తెలుసుకోవడానికి. మధ్య సి షార్ప్ చాలా ఫ్లూట్లలో పైకి ఎక్కుతుంది, దాదాపు కీలన్నీ తెరిచి ఉండడం వల్ల అది నిలకడగానూ ఉండదు.

## ఒక చూపులో

| | ధ్వని | వేళ్లు | పాట | చెవి |
|---|---|---|---|---|
| ఫలితం వినిపించేది | వారాల్లో | రోజుల్లో | పాటను బట్టి | వెంటనే తప్పు తెలుస్తుంది, దిద్దుబాటు నెమ్మది |
| ఒంటరిగా చేయడం | అప్పుడప్పుడు తోడు చెవి కావాలి | కుదురుతుంది | కుదురుతుంది | ఒంటరివాళ్ల కోసమే |
| అలసట | పెదవులకు | చేతులకు, మెడకు | రెండింటికీ | దాదాపు లేదు |
| విసుగు | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | మొదట్లో వినడానికి మనసొప్పదు |
| చప్పుడు లేకుండా | కుదరదు | కొంతవరకు | కొంతవరకు | వినడం కుదురుతుంది |

## ఎవరికి ఏది

మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు ధ్వని, సందేహం లేదు. సగం సమయం దానికే ఇవ్వండి, కానీ ఐదేసి నిమిషాల ముక్కలుగా, మధ్యలో చిన్న పాటలు పెట్టుకుని. ఈ దశలో వేగంగా వేళ్లు ఆడించడం చూసి మురిసిపోతే, తర్వాత పెదవులు మార్చుకోవడానికి రెట్టింపు కష్టపడాలి.

రెండు మూడేళ్లుగా వాయిస్తూ ఒకే చోట ఆగిపోయామనుకునేవాళ్లు ముందు పైన చెప్పిన మూడు పరీక్షలు చేయాలి. మీరు ఇన్నాళ్లూ ఏది ఎక్కువ చేశారో, ఇప్పుడు కావలసింది అది కాకపోవడమే ఎక్కువ. బాగా వచ్చిందాన్నే సాధన చేయడం మనిషి స్వభావం, వినడానికి కూడా అదే బాగుంటుంది మరి.

చాలా ఏళ్లు వదిలేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్ల సంగతి వేరు. వేళ్లకు పాత జ్ఞాపకం ఉంటుంది, పెదవులకు బలం పోయి ఉంటుంది. వేళ్లు పరిగెడతాయి, ధ్వని వెనకబడుతుంది, నిరాశ వస్తుంది. మొదటి నెల రోజుకు ఇరవై నిమిషాలు మించకుండా, తెలిసిన పాత పాటలను సగం వేగంలో, నిలకడ స్వరాలు ఊదినంత శ్రద్ధగా వాయించండి. అలా చేస్తే రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి.

రెండు వారాల్లో కచేరీ ఉన్నవాళ్లు పెదవి అమరికను ముట్టుకోవద్దు. పాట, రికార్డింగ్, అంతే. మార్పులు కచేరీ అయ్యాక.

రోజుకు పదిహేను నిమిషాలే దొరికేవాళ్లు బెంగపడనక్కర్లేదు. వారానికి ఒకే రోజు రెండు గంటలు చేసేదానికంటే రోజూ పదిహేను నిమిషాలు ఫ్లూట్‌కు ఎక్కువ మేలు, పెదవులు అలవాటు మీద బతికే కండరాలు. నాలుగు నిమిషాలు నిలకడ స్వరాలు, నాలుగు నిమిషాలు ఒక స్కేలు, మిగతాది ఒకే ఒక్క కష్టమైన వరుస. మొత్తం పాట ఆదివారానికి. తలా ఇంత పంచవద్దని మొదట అన్నాను కదా, పదిహేను నిమిషాల దగ్గర ఆ నియమం పనిచేయదు, అంత తక్కువలో పెద్ద వాటాకు చోటుండదు.

ఒకే విడతగా గంట చేయాలా, రెండు అరగంటలా అంటే రెండు అరగంటలే. ఫ్లూట్‌ను కేసులో పెట్టకుండా స్టాండు మీద ఉంచితే ఆ రెండో అరగంట జరిగే అవకాశం ఎక్కువ. చల్లటి ఉదయం వాయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: చల్లటి ఫ్లూట్ శ్రుతి తగ్గి పలుకుతుంది. వెంటనే హెడ్ జాయింట్ (ఊదే రంధ్రం ఉన్న పై ముక్క) లోపలికి నెట్టకండి. కీలన్నీ మూసి, గొట్టంలోకి కాసేపు వెచ్చటి ఊపిరి వదిలి, అప్పుడు చూడండి.

## ఎప్పుడు మార్చాలి

ఎంచుకున్నదాన్ని ఆరు వారాలు వదలవద్దు. మొదటి రోజు ఒక స్కేలు, ఒక నిలకడ స్వరం, పాటలో ఒక భాగం రికార్డ్ చేసి దాచుకోండి. ఆరు వారాల తర్వాత అవే మూడు, అదే గదిలో, ఫోన్ అదే చోట పెట్టి మళ్లీ చేయండి. మీరు పెద్ద వాటా ఇచ్చినది మారి, మిగతా రెండూ అలాగే ఉంటే ఎంపిక పనిచేసింది, ఇప్పుడు వెనకబడినదానికి వాటా మార్చే సమయం వచ్చింది. మూడూ కొంచెం కొంచెం మారితే ఇంకో ఆరు వారాలు అలాగే కొనసాగించండి, ఎందుకంటే మీరు పట్టుకున్నది అసలు మూలమే. ఏదీ మారకపోతే ఇంకో పద్ధతికి దూకకుండా, ఆ రికార్డింగులు పట్టుకుని ఫ్లూట్ తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లండి. వాయిద్యాన్ని కూడా రిపేరు చేసేవాళ్లకు ఒకసారి చూపించండి. ఒక ప్యాడ్ (కీ అడుగున ఉండే మెత్త) సరిగ్గా మూసుకోకుండా గాలి కారుతుంటే కింది స్వరాలు ఎంత సాధన చేసినా పలకవు.